ఆపా ఖాళీ చేయించిన సి డ్రైవు

కంప్యూటరు డబ్బా మూత విప్పగానే ఒక వాసన వస్తుంది. వేడెక్కిన దుమ్ము, కొంచెం మాడిన ప్లాస్టిక్, అదృష్టం బాగుంటే ఒక బల్లి కాపురం. చౌటుప్పల్‌లో హైవే పక్కన ఉన్న నా రిపేరు షాపులో రోజూ పీల్చే వాసనే అది. మొన్న మాత్రం ఒక మందుల ఫ్యాక్టరీ కుర్రాడు తెచ్చిన డబ్బా విప్పితే, దుమ్ముతో పాటు వేగిన పల్లి పొట్టు వాసన గుప్పుమంది. కీబోర్డు ముందు కూర్చుని పల్లీలు ఒలుచుకు తినే అలవాటట. ఆ పొట్టు ఫ్యాను గుండా లోపలికి పోయి, వేడికి వేగి, నన్ను తిన్నగా తీసుకుపోయి కల్వకుర్తి నూనె మిల్లులో కూలేసింది. జ్ఞాపకాలు రాసుకోవడానికి నా వయసు చాలదని మా ఆవిడ అభిప్రాయం. తల నెరిశాక రాద్దామంటే అప్పటికి గుర్తుండవని నా భయం. అందుకని షమీమ్ ఆపా గురించి ఇప్పుడే రాసేస్తున్నాను.

ఆపా అంటే ఉర్దూలో అక్క. తొంభైల చివర్లో కల్వకుర్తి బస్టాండు వెనక వీధిలో, ఒక కిరాణా దుకాణం మీది అంతస్తులో ఆమె కంప్యూటర్ సెంటర్ నడిపేది. పగలు పిల్లలకు క్లాసులు, మధ్యలో పెళ్ళిపత్రికలు, కరపత్రాలు, పేరు అచ్చయ్యే ప్రతి పనీ. కింద దుకాణంలో ఎండుమిర్చి బస్తా విప్పారంటే పైన క్లాసులో అందరూ తుమ్మేవాళ్ళు. తుమ్ములు ఆగేదాకా పాఠం ఆపి, ఆగగానే ఆపిన మాట నుంచే మొదలుపెట్టేది ఆపా. నేను డిగ్రీ గట్టెక్కి, ఇంట్లో మా బాపు కళ్ళలో పడకుండా తిరగడమే ఉద్యోగంగా పెట్టుకున్న రోజుల్లో పని అడగడానికి ఆ మెట్లెక్కాను.

“టైపింగ్ వస్తదా?” అని అడిగింది.

“అక్షరాలు నాకు వస్తయి ఆపా. అవి యాడున్నయో కీబోర్డుకు తెలుస్తది.”

ఆమె నవ్వలేదు. “జోకు అయిపోయిందా? గా కుర్చీల కూసో.”

ఆమె దగ్గర పనిచేసినన్నాళ్ళూ ఇదే పద్ధతి. నా జోకుకు అడ్డం వచ్చేది కాదు. పూర్తిగా చెప్పనిచ్చి, అయిపోయిందా అని కనుక్కుని, పని చెప్పేది. ప్రేక్షకులు నవ్వకపోతే ఆపేసే రకం కాదు కాబట్టి నేనూ ఆపలేదు.

ఆ రోజుల్లో ఊళ్ళో ఉన్న కంప్యూటర్లు వేళ్ళమీద లెక్కపెట్టేటన్ని. కానీ ఫ్లాపీలు మాత్రం ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి ఊరంతా తిరిగేవి. వాటితో పాటు వైరస్‌లూ తిరిగేవి. మిషన్ నత్తనడక నడిచినా, మధ్యలో మొండికేసినా చివరికి మందు ఒకటే. సి డ్రైవును, అంటే హార్డ్ డిస్కును, మొత్తం తుడిచేసి, సిస్టం మళ్ళీ మొదటినుంచి ఎక్కించడం. మిగతాచోట్ల డబ్బా ఇచ్చిపోతే సాయంత్రానికి తుడిచి, కడిగి చేతిలో పెట్టేవాళ్ళు. ఆపా దగ్గర అలా కుదరదు. మిషన్ ఎవరిదో వాళ్ళు వచ్చి తెర ముందు కూర్చోవాలి. అందులో తమది ఏముందో నోరు తెరిచి చెప్పాలి. చెప్పినవన్నీ వేరేచోటికి కాపీ చేశాక, ఆ కాపీని ఇంకో మిషన్‌లో తెరిచి కళ్ళతో చూసుకోవాలి. అప్పుడు గానీ ఆపా అంతా తుడిచేసే ఫార్మాట్ ఆజ్ఞ టైపు చేయదు. డిస్కు మీద ఉన్నదంతా పోతుంది, కానివ్వమంటారా అని తెర అడుగుతుంది. అవునంటే, యస్‌కు గుర్తుగా వై అక్షరం కొట్టాలి. ఆ వై యజమాని వేలితోనే పడాలి. మేం ముట్టుకోం.

“నీ చేత్తోని నువ్వు కొడితేనే నీకు యాదికుంటది. నేను కొట్టిననుకో, రేపు ఏది దొరకకున్నా నేనే పోగొట్టిన్నంటవు” అనేది.

ఒకసారి ఒక ప్రైవేటు బడి హెడ్మాస్టరు వచ్చాడు. ఇందులో మీది ఏముంది సార్ అంటే, ఏమీ లేదు తుడిచేయమన్నాడు. ఆపా కదల్లేదు. టీ తెప్పించింది. మళ్ళీ అడిగింది. ఆయన టీ సగం తాగి, గ్లాసు కింద పెట్టి, తెల్లారి నుంచి జరగబోయే పరీక్షల ప్రశ్నపత్రాలన్నీ అందులోనే ఉన్నాయని చెప్పాడు. ఊరి పిల్లలందరి మొక్కులూ ఫలించే ఘడియలో ఆపా అడ్డం పడిందని నేను ఇప్పటికీ అంటాను.

నూనె మిల్లు సాయిలు సేఠ్ అయితే మొదటిసారి భార్యతో, కొబ్బరికాయతో వచ్చాడు. డబ్బాకు పసుపు పెట్టి, కుంకుమ దిద్ది, కాయను బల్ల అంచుకు గురిచూశాడు. ఆపా కీబోర్డును తన వైపు లాక్కుని, నెమ్మదిగా చెప్పింది. “సేఠ్, కాయ మెట్లమీద కొట్టండి. లోపల వై ఒక్కటి కొడితే చాలు.”

“శుభమా అని అంతా తుడుస్తున్నం మేడం. దేవునికి చెప్పకుంట ఎట్ల?”

“చెప్పండి. నీళ్ళు మాత్రం మిషన్ల పడనియ్యకండి. దానికి ఉపాసముంటేనే మంచిది.”

సేఠ్ మెట్లమీద కాయ కొట్టి, వచ్చి కళ్ళు మూసుకుని వై కొట్టాడు. కళ్ళు మూసుకోవడం వల్ల అది వై కాక పక్కనున్న యూ అయింది. ఆపా చెరిపేసి, “కండ్లు తెరిచి కొట్టండి సేఠ్. పోయేది మీదే గద, చూసుకుంట పంపండి” అంది. ఆ తర్వాత ఊళ్ళో చాలామంది ఫార్మాట్ అంటే కాయ తేవడం మొదలుపెట్టారు. మెట్లమీద కొబ్బరి చిప్పలు నాకు మధ్యాహ్నం ఫలహారం. ఆ ఆచారాన్ని నేను ఎన్నడూ ఖండించలేదు.

ఇంతమంది చేత ఇంత నిబ్బరంగా వై కొట్టించిన మనిషికి తన వంతు కూడా వచ్చింది. అది చెప్పాలంటే ముందు వాళ్ళ నాన్న గురించి చెప్పాలి.

జబ్బార్ సాబ్ బోర్డులు రాసే పెయింటరు. కల్వకుర్తి నుంచి అచ్చంపేట దాకా రోడ్డు పొడుగునా దవాఖానలకు, ఎరువుల దుకాణాలకు, హోటళ్ళకు తెలుగులో, ఉర్దూలో బోర్డులు ఆయనవే. ఆయన తెలుగు అక్షరానికి ఒక ఒయ్యారం ఉండేది. తలకట్టు కాస్త ఎగరేసినట్టు, పొట్ట నిండుగా, తిని కూర్చున్న పెద్దమనిషిలా. ఆపా ఆయన చేత పాత క్యాలెండర్ల వెనకవైపు అక్షరాలన్నీ గుణింతాలతో సహా రాయించి, చేతి స్కానరుతో మిషన్‌లోకి లాగి, ఒక్కొక్క అక్షరం అంచులు మౌసుతో దిద్ది దాచింది. ఏళ్ళు పట్టింది. పెళ్ళిపత్రికల మీద ఆ అక్షరాలు చూసి జనం మా సెంటర్‌కు వచ్చేవాళ్ళు. ఈలోగా జబ్బార్ సాబ్‌కు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. అంటే ఆ అక్షరాలు ఇక కొత్తగా పుట్టవు. ఉన్నవి ఉన్నట్టే.

మరి కాగితాల మీద ఉన్నాయి కదా అంటారు. ఆ ఇంట్లో జరిగిన తప్పు అదే. కంప్యూటర్‌లోకి ఎక్కాయి కదా, ఇంకా ఈ చెత్త ఎందుకని, ఇల్లు సర్దుతూ జబ్బార్ సాబే ఆ క్యాలెండర్ కాగితాలన్నీ బస్టాండు దగ్గర మిరపకాయ బజ్జీల బండికి ఇచ్చేశాడు. మందపాటి కాగితం, నూనె బాగా పీలుస్తుందని బండివాడు మెచ్చుకున్నాడట. ఆయన చేత్తో రాసిన అసలు అక్షరాలను చేతిలో పట్టుకున్న పాఠకులు బజ్జీలు తిని, మూతి తుడుచుకుని, బస్సెక్కి పోయారు.

సాయిలు సేఠ్ కూతురి పెళ్ళిపత్రిక పని నడుస్తున్న ఒక పొద్దున, మా పెద్ద మిషన్ లేవలేదు. నల్లటి తెర, దాని మీద ఒక తెల్లటి గీత మిణుకు మిణుకు. మా దగ్గర హార్డ్ డిస్కు ఉన్నది అదొక్కదానికే. పిల్లలు నేర్చుకునే మిషన్లన్నీ ఫ్లాపీలతో బతికేవి. మంచి ఫ్లాపీ వేసి లేపి చూస్తే వైరస్. ఎవరో విద్యార్థి తెచ్చిన కానుక. ఆపా గాభరా పడలేదు. అక్షరాల కాపీలు ఫ్లాపీల్లో పెట్టింది కదా. బీరువా తీసి, డబ్బా తెచ్చి, తన నియమం ప్రకారం పక్క మిషన్‌లో తెరిచి చూడబోయింది. మొదటి ఫ్లాపీ గరగరమంది, తెరుచుకోలేదు. రెండోదీ అంతే. వానాకాలం తేమకు వాటి లోపల తెల్లగా బూజు పట్టింది. ఆమె ఊరందరి కాపీలూ తెరిచి చూపించింది. తనవి కాపీ చేసిన రోజు చూసుకుంది గానీ, ఆ తర్వాత మళ్ళీ తీసింది లేదు.

“ఎవ్వలకన్నా చెప్తే నీ జీతం బంద్” అంది నాతో. చాలాకాలం చెప్పలేదు. ఇప్పుడు జీతం నేనే ఇచ్చుకుంటున్నాను కాబట్టి ఫికర్ లేదు.

అక్షరాలు ఇక ఆ రోగిష్టి డిస్కులో తప్ప ఎక్కడా లేవు. ఫ్లాపీల మీద ఇక నమ్మకం లేదు కాబట్టి, వాటిని దించుకోవాలంటే హార్డ్ డిస్కున్న ఇంకో మిషన్ కావాలి. అది సాయిలు సేఠ్ మిల్లులో ఉంది. ఆపా డిస్కును విప్పి, నూలు తువ్వాలలో చుట్టి, టిఫిన్ గిన్నెలో పెట్టి మూత వేసింది. నన్ను గిన్నె పట్టుకోమని, తను కేబుళ్ళ సంచి పట్టుకుని బజారులో నడిచింది. దారిలో కిరాణా దుకాణమాయన అడిగాడు. “ఏం కూరనే నర్సిమ్మా?”

“నిన్నటిదే. ఖరాబైంది. బాగైతదేమోనని చూపియ్యనీకి పోతున్నం.”

మిల్లులో సేఠ్ భార్య గుమ్మంలోనే అడ్డం నిలబడింది. ఇది అంటుకునే రోగమని ఆమెకు అప్పటికే వార్త అందింది. “మాది మొన్ననే బాగైంది షమీమ్. దీన్ని తెచ్చి దాని పక్కల పండవెడితే ఎట్ల?” శుభ్రమైన ఫ్లాపీతో లేపితే రోగం నిద్రలోనే ఉంటుందని, లేచినా ఆ మిషన్ మళ్ళీ బాగుచేసే పూచీ తనదని ఆపా చెప్పింది. “నేనెన్నడన్నా మీకు చూపియ్యకుంట ఏమన్న చేసిన్నా వదినా?” అంది. వదిన పక్కకు జరిగింది.

రెండు డిస్కులు ఒకే మిషన్‌లో ఉండాలంటే రెండోదానికి వెనకవైపు జంపర్ అని పెసరగింజంత ముక్క మార్చి పెట్టాలి. అది నా వేళ్ళలోంచి జారి పల్లి పొట్టులో పడింది. ఆ గదిలో నేలంతా పొట్టే. నలుగురం మోకాళ్ళ మీద వెతుకుతుంటే సాయిలు సేఠ్‌కు ఉపాయం తట్టింది. పల్లికాయల్లో మొలలు ఏరే పెద్ద అయస్కాంతం తీసుకుని ఉత్సాహంగా వచ్చాడు. అయస్కాంతం డిస్కు పక్కకు వస్తే అందులో ఉన్నదంతా గంగలో కలిసినట్టే. ఆపా లేచి నిలబడి రెండు చేతులూ అడ్డం పెట్టింది. గొంతు మాత్రం పెంచలేదు. “సేఠ్, అది పట్టుకొని గా చౌరస్తా దాక పోయి నిలవడండి. పిలిస్తే రండి.” ఆయన పోయాడు. తన సొంత మిల్లులోంచి తనే బయటికి పోతున్నానన్న సంగతి గేటు దాటాక గుర్తొచ్చిందేమో, ఒకసారి వెనక్కి చూశాడు.

జంపర్ దొరికింది. డిస్కు లేచింది. ఫైళ్ళు కాపీ అయ్యాయి. నాకు కేకలు పెట్టాలనిపించింది గానీ ఆపా మా బొమ్మలు గీసే సాఫ్ట్‌వేరును సీడీ నుంచి ఆ మిషన్‌లోకి ఎక్కించి, “కాపీ అయినయంటె ఏం లాభం. తెరువు” అంది. ఒక్కొక్కటే తెరిచాను. తెర మీద అ వచ్చింది. ఆ వచ్చింది. అయస్కాంతం బయటే వదిలేసి తిరిగొచ్చిన సేఠ్ నా వెనక నిలబడి బళ్ళో పిల్లవాడిలా బయటికే చదవసాగాడు. బస్తాలు దించుతున్న హమాలీలు కిటికీ దగ్గరికి వచ్చి వాళ్ళూ అందుకున్నారు. క, ఖ, గ. అంతా బాగానే నడిచింది. శ దగ్గర ఆగింది. తెర ఖాళీ. ష ఖాళీ. హ, దాని గుణింతం ఖాళీ. అక్కడక్కడ ఇంకొన్ని. పేర్లు ఉన్నాయి, లోపల ఏమీ లేదు. మళ్ళీ కాపీ చేశాం, మళ్ళీ ఖాళీ. వైరస్ సరిగ్గా వాటి మీదే పొర్లింది.

“నా పేరుకు కావలసినయన్నీ సల్లగున్నయి ఆపా” అన్నాను.

ఆమె నవ్వలేదు. జోకు అయిపోయిందా అని కూడా అనలేదు. అప్పుడు నాకు భయం వేసింది.

సెంటర్‌కు తిరిగొచ్చి డిస్కు బిగించాం. వచ్చినవి సేఠ్ మిషన్‌లో క్షేమం. రానివి ఇక రావు. పాత పత్రికల మీది అచ్చు నుంచి లాగుదామన్నా, సిరా పాకి అంత చిన్న అక్షరాల అంచులు చెదిరిపోయి ఉన్నాయి. తుడిచేసి, సిస్టం ఎక్కించి, పత్రిక పని మొదలుపెట్టడమే మిగిలింది. సేఠ్ కూడా వెంటే వచ్చి కూర్చున్నాడు, పెళ్ళి దగ్గర పడుతోందని గుర్తుచేస్తూ. ఆపా ఆజ్ఞ టైపు చేసింది. తెర ప్రశ్న అడిగింది. ఆమె వేలు కీబోర్డు దాకా పోయి ఆగింది. కేబులు ఒకసారి చూసుకోవాలంది. చూసింది. సిస్టం ఎక్కించే ఫ్లాపీ ఎక్కడుందంది. చేతిలోనే ఉంది. ఇంతమంది చేత కొట్టించిన కీ ఆమెకే బరువైంది.

“కొట్టెయ్ మేడం, ఉన్నవాటితోనే పని నడువదా?” అన్నాడు సేఠ్.

“నడుస్తది. శ లేకుంట శుభలేఖ రాయమంటారా?” అని, కాసేపు తెర చూసి, నా వైపు తిరిగింది. “నర్సిం, ఇవి నావి కావు. అబ్బావి. పోయి తోల్కరాపో.”

అబ్బా అని ఆమె పిలిచేది వాళ్ళ నాన్నను. సేఠ్ స్కూటర్ మీద జబ్బార్ సాబ్‌ను తెచ్చాను. మెట్లు ఎక్కించడానికి నేనూ సేఠూ చెరో పక్క పట్టాం. ఆయన తెర ముందు కూర్చుని, ఎడమచేత్తో టోపీ సర్దుకుని, కూతుర్ని అడిగాడు. “ఏమేం పోయినయి బేటా?”

ఆపా చెప్పింది. అందరికీ చెప్పించినట్టే, ఒక్కటీ వదలకుండా, ఆయన వైపు చూస్తూ చెప్పింది. ఫ్లాపీల బూజు సంగతీ చెప్పింది. ఆయన అంతా విని తల ఊపాడు.

“శ పోయిందా? మంచిగైంది. దాని పొట్ట నాకెన్నడు నచ్చలే.”

గదిలో నవ్వింది నేనొక్కణ్ణే. జోకుల్లో నాకంటే పెద్దవాడు ఒకడు ఊళ్ళో ఉన్నాడని అప్పుడే తెలిసింది.

“అబ్బా, అవి మళ్ళ రావు” అంది ఆపా. “నీ చెయ్యి మంచిగున్నప్పటియి.”

“నేను రాసిన దవాఖాన బోర్డు ఉన్నదా? సున్నం కొట్టిన్రు. టాకీసు బోర్డు ఉన్నదా? వాననే కడిగింది. పాత బోర్డు మీద కొత్తది రాయాల్నంటే మొదలు గీకాలె బేటా. గీకకుంట రాస్తే నెల తిరగకముందే పెచ్చులు లేస్తది. గా బోర్డు నేను రాసిందే అయినా గీకుడు గీకుడే. నువ్వు చిన్నగున్నప్పుడు గా గీకే పని నీతోనే చేపిస్తుంటి, మర్చిపోయినవా?” ఎడమచేతి చూపుడువేలు చాచాడు. “ఏది, యాడ కొట్టాలె?”

ఆపా చూపించింది. ఆయన కళ్ళు తెరిచే కొట్టాడు. తెర మీద వై పడింది.

“గింతేనా?”

“ఇంక ఎంటర్ కొట్టాలె అబ్బా. అప్పుడే మొదలైతది.”

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. “అది నువ్వు కొట్టు.”

ఆమె కొట్టింది. డిస్కు గిరగిర తిరగడం మొదలైంది, తెర మీద అంకె ఒకటొకటిగా ఎక్కుతోంది. ఫార్మాట్ నడుస్తున్నంతసేపూ జనం ఆ అంకెనే చూస్తూ కూర్చుంటారు, చూపు తిప్పితే ఆగిపోతుందేమో అన్నట్టు. ఆపా చూడలేదు. బల్ల మీది క్యాలెండర్ తీసి అయిపోయిన నెల కాగితం చింపి, వెనక్కి తిప్పి, స్కెచ్ పెన్నుతో శ రాయడం మొదలుపెట్టింది. అన్నేళ్ళూ నాన్న అక్షరాల అంచులు దిద్దిందే తప్ప సొంతంగా ఒక్కటీ రాసి ఎరగదు. మొదటిది వంకర. రెండోది ఇంకా వంకర. మూడోది తండ్రి ముందు పెట్టింది.

“నన్నడుగకు. గది నీది” అన్నాడు జబ్బార్ సాబ్. సేఠ్ వైపు తిరిగి, “టీ తాపిస్తవా, లేకుంటే ఉత్తగనే కూసోవెడతవా?” అన్నాడు.

సాయంత్రానికి సిస్టం ఎక్కింది. సేఠ్ మిషన్ నుంచి జబ్బార్ సాబ్ అక్షరాలు ఇంటికొచ్చాయి. వాటి మధ్యలో ఆపా రాసినవి చేరాయి. పత్రిక వేళకు అచ్చయింది. సేఠ్‌కు ఏమీ తేడా తెలియలేదు. ఆయన భార్య మాత్రం కార్డును దూరం పెట్టి, దగ్గర పెట్టి, “ఈ శ జర నిక్కుతున్నదేంది షమీమ్?” అంది. “అది మా ఇంట్ల కొత్త కోడలు వదినా, రెండు దినాలైతే సర్దుకుంటది” అంది ఆపా. ఆమె నోట నేను విన్న మొదటి జోకు అదే. అయిపోయిందా అని అడుగుదామని నోటిదాకా వచ్చింది గానీ, ఉద్యోగం గుర్తొచ్చి ఆగాను.

తర్వాత కొన్నేళ్ళకు ఆపా పెళ్ళి చేసుకుని మహబూబ్‌నగర్ వెళ్ళింది, అక్కడా సెంటర్ పెట్టింది. నేను ఇటొచ్చి షాపు పెట్టుకున్నాను. పనిలో నేర్చుకున్నవన్నీ ఆమె దగ్గరివే. ఎవడి సొత్తు వాడి ముందే తీయాలని, తీసేవాడికి తొందర ఉండకూడదని. అంతకంటే పెద్దది, అన్నీ తుడిచేశాక ఎదురుగా ఉండే ఖాళీని చూసి బెదరకపోవడం. నా వృత్తిలో చాలామంది ఆ ఖాళీ తెర దగ్గర టీకి లేచిపోతారు. నేను లేవను. అక్కడ కూర్చుంటే నాకు పని మొదలైనట్టే ఉంటుంది, ఏదో పోయినట్టు ఉండదు.

షాపు తెరిచేముందు ఆమెకు ఫోను చేసి, బోర్డుకు ఆ అక్షరాలు పంపమని అడిగాను. పంపనంది.

“షాపు ఎవ్వలది నర్సిం?”

“నాదే ఆపా.”

“అయితే నువ్వే రాసుకో.”

నా చేతిరాతను మా బాపు కోడి గీకుడుతో పోల్చి, కోడికి క్షమాపణ చెప్పేవాడు. అయినా రాశాను. బోర్డు చూసి కొందరు మందుల దుకాణం అనుకుని డాక్టరు చీటీతో లోపలికి వస్తారు. ఎండకు రంగు వెలిసినప్పుడల్లా నిచ్చెన వేసుకుని ఎక్కుతాను, పాతదంతా నున్నగా గీకేసి మళ్ళీ నేనే రాస్తాను. పక్క వీధి పెయింటరు సైకిలాపి, తలెత్తి చూసి, బెల్లు ఒకటి కొట్టి వెళ్ళిపోతాడు.